ఆ రాత్రి మ్యాప్‌లో అన్నయ్య చుక్క కనిపించలేదు

2024 జనవరి 26 శుక్రవారం వచ్చింది. లాంగ్ వీకెండ్ దొరికిందని హైదరాబాద్ నుంచి గాజువాక వెళ్లాను. పెద్దమ్మ వాళ్లింట్లో భోజనం చేసి మేడ మీదకెళ్లి పడుకున్నా. పడుకున్నా అనే మాటే గానీ, చేతిలో ఫోన్, ఫోన్‌లో ఓడల మ్యాప్. ఆరంజ్, ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు. వాటిలో ఒకటి మా అన్నయ్యది కావాలి. అది లేదు.

అన్నయ్య అంటే పెద్దమ్మ కొడుకు. మర్చంట్ నేవీలో థర్డ్ ఇంజినీర్. గుజరాత్‌లో డీజిల్ నింపుకుని యూరప్ వెళ్లే ట్యాంకర్ అతనిది. ముందు రోజు సాయంత్రం వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టాడు. "రేపట్నుంచి నెట్ ఉండదు. మూడు రోజులు. అమ్మకి చెప్పకు." నేను చెప్పలేదు. కానీ పెద్దమ్మకి ఎలా తెలిసిందో, అన్నం వడ్డిస్తూనే, "వాడు ఆ గొడవలున్న సముద్రంలోకి వెళ్తన్నాడట కదరా?" అంది.

రాత్రి పదకొండు దాటాక ఎక్స్‌లో ఒక పోస్టు చూశాను. యూకేఎంటీవో అని బ్రిటిష్ నేవీ నడిపే ఒక సెంటర్ ఉంది, ఆ ప్రాంతంలో ఓడలకి ఏం జరిగినా ముందు వాళ్లే హెచ్చరిక పెడతారు. ఏడెన్‌కి ఆగ్నేయంగా 60 నాటికల్ మైళ్ల దూరంలో ఒక ఓడ మంటల్లో ఉందని అందులో ఉంది. ఓడ పేరు లేదు. వాళ్లు పేర్లు పెట్టరు. అన్నయ్య ఓడ ఉండాల్సింది కూడా సరిగ్గా ఆ గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లోనే.

ఆ తర్వాత గంటన్నర నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. రిఫ్రెష్ కొట్టాను. అంతే.

చుక్క వెనుక కథ

ఆ మ్యాప్ ఎలా పనిచేస్తుందో అప్పటిదాకా నేను పట్టించుకోలేదు. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 టన్నులు దాటిన ప్రతి ఓడలోనూ ఏఐఎస్ అనే ట్రాన్స్‌మిటర్ తప్పనిసరి. నేను ఫలానా, ఇక్కడున్నా, ఇటు వెళ్తున్నా, ఇంత స్పీడులో ఉన్నా అని కొన్ని సెకన్లకోసారి చుట్టుపక్కల ఓడలకి చెబుతూ ఉంటుంది. రాత్రిపూట, పొగమంచులో ఒకదాన్నొకటి గుద్దుకోకుండా పెట్టిన ఏర్పాటు. ఎన్‌క్రిప్షన్ లేదు. పాస్‌వర్డ్ లేదు. మామూలు రిసీవర్ ఉంటే ఎవరైనా వినొచ్చు. మా కాలేజీ ప్రాజెక్టులో ఇలాంటి డిజైన్ పెడితే సార్ తిట్టేవాడు. కానీ అది పెట్టినవాళ్లు వినేది పక్క ఓడే అనుకున్నారు. ఒడ్డున క్షిపణి పెట్టుకుని కూర్చున్నవాడు కూడా వింటాడని అనుకోలేదు.

ఇందులో డెస్టినేషన్ అని ఒక ఫీల్డ్ ఉంటుంది. 20 అక్షరాలకి మించి పట్టదు. మామూలుగా అందులో చేరాల్సిన పోర్టు పేరు రాస్తారు. 2024 మొదట్లో ఎర్ర సముద్రం దాటే ఓడలు కొన్ని అందులో పోర్టు పేరు తీసేసి "ఆల్ చైనీస్ క్రూ" అనీ, ఇజ్రాయెల్‌తో సంబంధం లేదనీ, ఆర్మ్‌డ్ గార్డులున్నారనీ రాసుకున్నాయి. 20 అక్షరాల్లో ప్రాణభిక్ష అడగడమన్నమాట. అది చదివాక నాకు టెక్స్ట్ బాక్స్ చూస్తే వేరేలా అనిపిస్తోంది.

పనిచేసిందా అంటే, ఎప్పుడూ కాదు. 2024 మార్చిలో చైనా కంపెనీకి చెందిన హువాంగ్ పు అనే ట్యాంకర్‌ని హూతీలు క్షిపణితో కొట్టారు. బ్రిటిష్ ఓడ అన్నారు. పాత రిజిస్ట్రేషన్ వివరాలు చూసి కొట్టి ఉంటారని చాలామంది విశ్లేషకులు చెప్పారు. డేటాబేస్‌లో ఒక రికార్డు అప్‌డేట్ కాకపోతే మా ఆఫీసులో ఒక టికెట్ ఓపెన్ అవుతుంది. అక్కడ మంటలు లేచాయి.

పోనీ ఏఐఎస్ ఆపేస్తే? చాలా ఓడలు ఆపేశాయి, అన్నయ్య వాళ్లు కూడా. దాంతో వెతకడం కొంచెం కష్టమవుతుంది. కానీ సాయానికొచ్చే నేవీకీ కష్టమే. పైగా నాలాంటి ఫ్రీ యాప్ వాడేవాళ్లకి, ఏఐఎస్ ఆన్‌లో ఉన్నా నడిసముద్రంలో చుక్క కనిపించదు. ఒడ్డున ఉన్న రిసీవర్లకి అందినంతే చూపిస్తుంది. శాటిలైట్ డేటా కావాలంటే డబ్బు కట్టాలి. ఆ రాత్రి ఇది తెలిసి ఉంటే కొంచెం తక్కువ భయపడేవాణ్ణేమో.

కన్నీటి ద్వారం

హూతీలు యెమెన్ ఉత్తర ప్రాంతం సాదా నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల సంస్థ పేరు అన్సారల్లా. 2014లో రాజధాని సనాని పట్టుకున్నారు. మరుసటి ఏడు సౌదీ కూటమి బాంబులు మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి సాగిన ఆ యుద్ధంలో పోయినవాళ్లు లక్షల్లో ఉంటారు. గాజా యుద్ధం మొదలయ్యాక, పాలస్తీనాకి మద్దతుగా ఇజ్రాయెల్‌తో లింకున్న ఓడల్ని వదలం అన్నారు. 2023 నవంబర్ 19న గెలాక్సీ లీడర్ అనే కార్ల రవాణా ఓడ మీద హెలికాప్టర్ నుంచి దిగి, తుపాకులతో బ్రిడ్జిలోకి వెళ్లి పట్టుకున్నారు. ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. అది టర్కీ నుంచి గుజరాత్‌లోని పిపావావ్‌కి వస్తున్న ఓడ. యాజమాన్యానికి ఒక ఇజ్రాయెల్ వ్యాపారితో సంబంధం ఉంది. నడిపేది జపాన్ కంపెనీ, జెండా బహామాస్‌ది. ఓడలో ఉన్న 25 మందిలో మాత్రం ఇజ్రాయెల్ వాళ్లు ఒక్కరూ లేరు. ఫిలిప్పీన్స్, బల్గేరియా, ఉక్రెయిన్, మెక్సికో, రొమేనియా వాళ్లు. 14 నెలలు బందీలుగా ఉండి 2025 జనవరి 22న విడుదలయ్యారు. గాజా కోసం అని చెప్పి, గాజాతో ఏ సంబంధమూ లేని జీతగాళ్లని పట్టుకోవడం ఏ లెక్కన న్యాయమో నాకు అర్థం కాలేదు. వాళ్ల కోపం వెనుక ఉన్న చరిత్ర అర్థమైంది గానీ, ఇది కాలేదు.

వాళ్ల చేతిలో ఉన్నది భూగోళం. బాబ్ ఎల్ మండెబ్ జలసంధి ఇరుకైన చోట సుమారు 30 కిలోమీటర్లు. గాజువాక నుంచి అనకాపల్లి దాటి ఇంకొంచెం ముందుకెళ్లినంత. అరబిక్‌లో ఆ పేరుకి కన్నీటి ద్వారం అని అర్థం చెబుతారు. సూయెజ్‌కి వెళ్లాలన్నా, అక్కణ్ణుంచి ఆసియాకి రావాలన్నా ఈ గుమ్మం దాటాల్సిందే. ఈ దాడులకి ముందు ప్రపంచ వాణిజ్యంలో దాదాపు 12 శాతం ఈ దారిలోనే సాగేది. వేల డాలర్ల డ్రోన్‌ని కూల్చడానికి అమెరికా యుద్ధనౌకలు సుమారు 20 లక్షల డాలర్ల క్షిపణుల్ని పేల్చాల్సి వచ్చింది. ఓడల మీద బాలిస్టిక్ క్షిపణులు ప్రయోగించడం యుద్ధ చరిత్రలో అదే మొదటిసారి.

పెద్ద కంటైనర్ కంపెనీలు ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. పది, పధ్నాలుగు రోజులు ఎక్కువ. తిరగని వాళ్లకి యుద్ధ బీమా ఓడ విలువలో 0.7 నుంచి 1 శాతం దాకా ఎక్కింది. అంటే 10 కోట్ల డాలర్ల ఓడకి ఒక్కసారి దాటడానికి 7 నుంచి 10 లక్షల డాలర్లు. సూయెజ్ కాలువ మీద ఈజిప్టుకి 2023లో వెయ్యి కోట్ల డాలర్లకి పైగా వస్తే 2024లో 400 కోట్లే.

మన ఊరి పేరున్న ఓడ

అర్ధరాత్రి దాటాక కాలిపోతున్న ఓడ పేరు బయటికొచ్చింది. మార్లిన్ లువాండా. అన్నయ్యది కాదు. ఊపిరి పీల్చుకున్నాను. తెల్లారాక మన నేవీ ప్రకటన చదివితే, అందులో 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీ. నేను రాత్రి ఊపిరి పీల్చుకున్న టైమ్‌కి వాళ్ల ఇళ్లల్లో ఎవరో ఫోన్ పట్టుకుని కూర్చునే ఉంటారు కదా.

ఓడ నిండా నాఫ్తా. పెట్రోల్ లాంటిది, అంటుకుంటే ఆగదు. సిబ్బంది దిగిపోకుండా తామే మంటలతో పోరాడారు. వాళ్ల పిలుపు విని వెళ్లింది ఏ ఓడో తెలుసా? ఐఎన్ఎస్ విశాఖపట్నం. పదిమంది ఫైర్ టీమ్ అందులోంచి వెళ్లింది. అమెరికా, ఫ్రాన్స్ నౌకలు కూడా సాయపడ్డాయి. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. కెప్టెన్ అవిలాష్ రావత్‌కీ ఆయన సిబ్బందికీ అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఆ ఏడాది సాహస పురస్కారం ప్రకటించింది. ఇదంతా నేను చదివి వినిపిస్తే పెద్దమ్మ "మన ఊరి ఓడే వెళ్లిందన్నమాట" అని రెండుసార్లు అంది. కాఫీ కలిపింది. తనకి మాత్రం కలుపుకోలేదు.

అన్నయ్య మెసేజ్ 29 రాత్రి వచ్చింది. "దాటేశాం."

సంతకం

ఏప్రిల్‌లో ఇంటికొచ్చాక అడిగాను, ఎందుకెళ్లావని. నవ్వాడు. ఆ ప్రాంతంలోకి వెళ్లే ముందు కంపెనీ ఒక కాగితం ఇచ్చిందట. ఇష్టం లేకపోతే దిగిపోవచ్చు. వెళ్తే అక్కడున్నన్ని రోజులూ బేసిక్‌కి సమానంగా బోనస్. యూనియన్ ఒప్పందాల ప్రకారం అది వాళ్ల హక్కు. "హక్కే. కానీ దిగిపోయినవాడికి నెక్స్ట్ కాంట్రాక్ట్ ఎప్పుడొస్తుందో ఎవరూ కాగితం మీద రాసివ్వరు కదరా" అన్నాడు. ఇంటి లోను ఈఎంఐ ఉంది. సంతకం పెట్టాడు. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయొద్దన్నాడు, రాయట్లేదు.

ఇంకో సంగతి చెప్పాడు. సోమాలీ దొంగలొస్తే కింద ఒక గట్టి గదిలోకి వెళ్లి తలుపులేసుకోవాలి. అదే క్షిపణో, పేలుడు పడవో వస్తుందంటే నీటిమట్టానికి పైన ఉండాలి. "మరి ఇంజిన్ రూమ్ వాళ్లు?" అన్నాను. "ఇంజిన్ తిరగాలి కదా" అన్నాడు. ఆ జూన్‌లో ట్యూటర్ అనే ఓడ వెనుక భాగాన్ని డ్రోన్ పడవ గుద్దింది. ఓడ మునిగిపోయింది. దొరకని ఒక్క మనిషి, ఫిలిప్పీన్స్ అతను, ఇంజిన్ రూమ్‌లోనే చిక్కుకున్నాడని అన్నారు. ఆ వార్త నేను అన్నయ్యకి ఫార్వర్డ్ చేయలేదు. అతను ముందే చూశాడని తర్వాత తెలిసింది.

నా ఉద్యోగానికీ ఈ సముద్రం తగిలింది. 2024 ఫిబ్రవరిలో హూతీల క్షిపణి తగిలిన రూబీమార్ అనే ఓడని సిబ్బంది వదిలేశారు. లంగరు ఈడ్చుకుంటూ అది రోజుల తరబడి కొట్టుకుపోయింది. ఆ లంగరు వల్లే అడుగున ఉన్న మూడు ఇంటర్నెట్ కేబుళ్లు తెగాయని అంచనా. ఓడ మార్చి 2న 21 వేల టన్నుల ఎరువుతో సహా మునిగింది. ఆ వారం యూరప్ క్లయింట్ వైపు మా గ్రాఫులు పైకి లేచాయి, ఆన్‌కాల్‌లో ఉన్నది నేనే. కాల్‌లో ఎవరో "రూట్ కాజ్ ఏంటి?" అని అడిగారు. యెమెన్ అన్నాను. జోక్ అనుకున్నారు.

హూతీలు 100కి పైగా ఓడల మీద దాడి చేశారు. నాలుగు మునిగాయి. 2025 మేలో ఒమన్ మధ్యవర్తిత్వంతో అమెరికాకీ హూతీలకీ రాజీ కుదిరితే ఇక అయిపోయిందనుకున్నాం. జూలైలో ఒక్క రోజు తేడాతో మ్యాజిక్ సీస్, ఎటర్నిటీ సీ ఓడల మీద దాడులు, రెండూ అడుగుకి వెళ్లాయి. ఎటర్నిటీ సీలో ప్రాణాలూ పోయాయి.

అన్నయ్య ఇప్పుడు వేరే ఓడలో ఉన్నాడు, సెకండ్ ఇంజినీర్‌గా. ఈ ఓడ కేప్ ఆఫ్ గుడ్ హోప్ మీదుగా వెళ్తుంది. యాప్ పెద్దమ్మ ఫోన్‌లో కూడా వేశాను. మొన్న ఫోన్ చేసి, "ఏటిరా, చుక్క ఆఫ్రికా కిందకెళ్లి ఆగిపోయింది?" అంది. రిసీవర్ అందట్లేదు పెద్దమ్మా, నడిసముద్రంలో అంతే అని చెప్పాను. నమ్మిందో లేదో గానీ, నేను కూడా అన్నయ్యకి ఒక హాయ్ పెట్టాను. ఇంకా ఒక్క టిక్కే ఉంది.