గడ్డి కట్టలకు ఒకటి, వేర్లకు ఒకటి: ట్రాక్టర్ గ్రాబర్ పళ్లలో తేడాలివీ

వరి కోతల తర్వాత మిగిలే గడ్డిని పొలంలోనే తగలబెట్టకుండా పరిశ్రమలకు చేర్చాలంటే, దానిని కట్టలు కట్టి వాహనాల్లోకి ఎక్కించాలి. ట్రాక్టర్ ముందు లోడర్‌కు అమర్చే గ్రాబర్ ఈ పనిని సులభం చేస్తుంది. పంట వ్యర్థాల నిర్వహణ పథకానికి 2023లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం, వరిగడ్డి సరఫరా ప్రాజెక్టుల్లో సాయం పొందే యంత్రాల్లో లోడర్లు, గ్రాబర్లు కూడా ఉన్నాయి. వ్యయంలో 65 శాతాన్ని ప్రభుత్వం, 25 శాతాన్ని గడ్డిని వాడే పరిశ్రమ, 10 శాతాన్ని రైతులు లేదా రైతు సంఘాలు భరిస్తాయి. అయితే గ్రాబర్ పనితీరు ప్రధానంగా దాని పళ్లపైనే ఆధారపడుతుంది.

తిన్నని పళ్లు: ఇవి గడ్డి, పశువుల ఎరువు కిందికి సులువుగా దూరుతాయి. పైదవడ బరువును అదిమి పట్టుకుంటుంది. రాళ్ల నేలలో మాత్రం మొనలు వంగిపోయే ప్రమాదం ఉంది.

వంపు పళ్లు: ముళ్లపొదలు, కొమ్మలు, వేర్లు వీటిలోకి దొర్లుకుంటూ చేరతాయి. సందుల్లోంచి మట్టి కిందికి రాలిపోతుంది. అదే సందుల్లోంచి విడి గడ్డి కూడా జారిపోతుంది.

దగ్గరి పళ్లు: రాళ్లు ఏరడానికి ఇవి అనువైనవి. ఇనుము ఎక్కువ పట్టడం వల్ల బరువు పెరుగుతుంది.

నున్నని గొట్టపు పళ్లు: ప్లాస్టిక్ చుట్టిన సైలేజ్ కట్టలకు ఇవి మేలు. వాడి మొనలు పొరను చీల్చితే గాలి చొరబడి మేత పాడవుతుంది.

గ్రాబర్ బరువునూ లోడరే మోయాలి. 800 కిలోలు ఎత్తే లోడర్‌కు 250 కిలోల గ్రాబర్ తగిలిస్తే, సరుకుకు మిగిలేది 550 కిలోలే. దవడను తెరిచి మూయడానికి ట్రాక్టర్‌లో అదనపు హైడ్రాలిక్ కనెక్షన్ కూడా ఉండాలి. దవడ రెండు భాగాలుగా విడివిడిగా కదిలితే ఎగుడుదిగుడు మొద్దులపైనా పట్టు చిక్కుతుంది.

బరువును ఎత్తులో ఉంచి మలుపు తిప్పితే ట్రాక్టర్ బోల్తా పడవచ్చు. గట్టిగా పట్టని గుండ్రటి కట్ట వెనక్కి దొర్లి డ్రైవర్‌పై పడే ముప్పూ ఉంది. అందుకే సరుకును నేలకు దగ్గరగా ఉంచి నడపాలి, ట్రాక్టర్ వెనుక తగినంత ప్రతిబరువు అమర్చాలి. కొనేముందు ఏడాదిలో అధికంగా ఎత్తే సరుకేదో తేల్చుకుని, దానికి తగిన పళ్లనే ఎంచుకోవడం శ్రేయస్కరం.