దారిని బట్టి కరెంటు కారు

ఆత్మకూర్ (ఎస్) నుంచి సూర్యాపేటకో హైదరాబాదుకో వెళ్లి షోరూంలో నిలబడ్డవాళ్లు మొదట అడిగే మాట ఒకటే: "ఒక్కసారి చార్జింగ్ పెడితే ఎంత దూరం పోతది?" సేల్స్ కుర్రాడు బ్రోచర్ తిప్పి 489 అనో 585 అనో చెబుతాడు. హైదరాబాద్–విజయవాడ హైవే మీద తిరిగేవాళ్లకు ఆ అంకెతో పెద్ద పని లేదు. సూర్యాపేట, కోదాడ వైపు హోటళ్ల దగ్గర మనం టిఫిన్ తినేలోపు కారుకూ కాస్త చార్జింగ్ పెట్టుకోవచ్చు. చిక్కంతా హైవే వదిలాకే మొదలవుతుంది. మీరు వెళ్లే దారుల్లో చార్జర్ లేని పొడవాటి ముక్క ఏదో ముందు తేల్చుకుని, కారును దానికి సరిపోయేలా చూసుకోవాలి.

మన వైపు అలాంటి దారి శ్రీశైలానిది. నకిరేకల్, నల్లగొండ, దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు చేరి, అక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోంచి దోమలపెంట దాకా వెళ్లి, ఘాట్ దిగి, కృష్ణ దాటి మళ్లీ ఎక్కాలి. మొత్తం 260 కిలోమీటర్ల చిల్లర. మిర్యాలగూడ వాళ్లు మాచర్ల, దోర్నాల మీదుగా వెళ్లినా చివర నల్లమల తప్పదు. రెండు వైపులా అడవి గేట్లు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసే ఉంటాయి. నల్లగొండలో చార్జర్ దగ్గర గంట క్యూలో ఆగామంటే ఆ గంట మన్ననూరు గేటు దగ్గర లెక్కకొస్తుంది.

ఇక బ్యాటరీ లెక్క. బ్యాటరీ సైజు చెప్పే కిలోవాట్ అవర్, మన కరెంటు బిల్లులోని యూనిట్ ఒకటే. 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు 80 దాటకుండా, ఏసీ వేసుకుని నడిపితే యూనిట్‌కు ఏడు కిలోమీటర్ల దాకా ఇస్తుంది. అడుగున ఏడు యూనిట్లు అత్యవసరానికి ఉంచుకుంటే వాడుకునేది 38. అంటే 266 కిలోమీటర్లు. ఇంట్లో ఫుల్ చేసుకుని బయల్దేరితే శ్రీశైలం అందుతుంది, అదీ బొటాబొటిగా. 30 యూనిట్ల కారైతే డిండి ప్రాంతంలోనే వెతుకులాట మొదలవుతుంది. 55 యూనిట్లదైతే దారి గురించి ఆలోచించకుండా వెళ్లొచ్చు.

బ్రోచర్‌లోని 489 ఎటు పోయింది? అది ప్రయోగశాలలో రోలర్ల మీద, పరిమిత వేగంతో తీసిన కొలత. అందులో నలుగురు మనుషులు, సామాను, మే నెల ఎండ ఉండవు. మూడింట రెండు వంతులు చేతికొస్తుందని అనుకుని ప్లాన్ వేసుకుంటే మోసపోం.

చాలామంది ఘాట్‌కు భయపడతారు. లెక్క వేస్తే ఆ భయం సగం పోతుంది. మనుషులతో కలిపి 1,700 కిలోల బండి 400 మీటర్ల ఎత్తు ఎక్కడానికి అదనంగా అయ్యేది రెండు యూనిట్ల పైచిలుకు. దిగేటప్పుడు మోటారే జనరేటర్‌గా మారి అందులో సగానికి పైగా తిరిగి ఇస్తుంది. అడవిలో ఎలాగూ నెమ్మదిగానే వెళ్లాలి, ఆ వేగానికి కారు చాలా తక్కువ తాగుతుంది. బ్యాటరీని నిజంగా తాగేసేది నల్లగొండ రోడ్డు మీద మనం తొక్కే యాక్సిలరేటర్. గాలి అడ్డం వేగం పెరిగినకొద్దీ వర్గం చొప్పున పెరుగుతుంది. 80 నుంచి 110కి వెళ్తే ఆ అడ్డం దాదాపు రెట్టింపు, వంద కిలోమీటర్లకు ఆరు యూనిట్లు ఎక్కువ ఖర్చు. మైదానంలో ఉబలాటపడి తొక్కినవాడికి అడవిలో చెమటలు పడతాయి.

చార్జింగ్ వేగం దగ్గర కొనేవాళ్లు ఎక్కువగా బోల్తా పడతారు. "మా కారు 175 కిలోవాట్లు తీసుకుంటుంది, ఇరవై నిమిషాల్లో 80 శాతం" అని షోరూంలో అంటారు. నిజమే, అంత ఇచ్చే గన్ ఉంటే. చిన్న ఊళ్లలో తగిలేవి చాలావరకు 30, 60 కిలోవాట్లవి. సన్నగా వచ్చే నల్లా కింద డ్రమ్ము పెట్టినా బిందె పెట్టినా నీళ్లొచ్చే వేగం ఒకటే. 79 యూనిట్ల పెద్ద బ్యాటరీని 30 కిలోవాట్ల గన్ మీద 20 నుంచి 80 శాతానికి తేవాలంటే గంటన్నర దాటుతుంది. పైగా ఆ స్టేషన్‌లో ఉన్నది ఒక్క గన్నే అయితే, అది పాడైతే మన కథ అక్కడే ఆగుతుంది. యాప్‌లో పచ్చ చుక్క చూసి నమ్మకండి. అక్కడ ఆఖరిగా ఎవరు, ఏ రోజు చార్జింగ్ పెట్టుకున్నారో చూడండి.

అసలు ఆపద్బాంధవి 15 ఆంపియర్ల ప్లగ్గు. శ్రీశైలం సత్రంలో కింది గది దొరికి, ఏసీకో గీజరుకో పెట్టిన సాకెట్ కారు దాకా అందితే, మేనేజరును అడిగి, డబ్బులిచ్చి రాత్రంతా పెట్టుకోవచ్చు. గంటకు మూడు యూనిట్ల చొప్పున, గేటు మూసి ఉండే తొమ్మిది గంటల్లో నష్టాలు పోను 24 యూనిట్లు ఎక్కుతాయి. తిరుగు ప్రయాణంలో దేవరకొండ దాకా నిశ్చింత. అందుకే కారుతో పాటు వచ్చే పోర్టబుల్ చార్జరును ఇంట్లో వదిలి వెళ్లకూడదు.

ఆ చార్జరుకు ఒక పట్టింపు ఉంది. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే ఎర్ర లైటు వెలిగించి మొరాయిస్తుంది. మన ఊళ్లలో చాలా ఇళ్లకు మూడో పిన్ను పేరుకే ఉంటుంది, దాని వైరు ఎక్కడికీ వెళ్లదు. కారు ఇంటికి రాకముందే గుంత తీయించి, బొగ్గు, ఉప్పు వేసి ఎర్తింగ్ చేయించండి, మీటరు నుంచి మందపాటి వైరుతో వేరే లైను లాగించండి. గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చే ఇల్లయితే ఇంకో లెక్క: 45 యూనిట్ల బ్యాటరీని నెలకు నాలుగుసార్లు నింపితేనే 180 యూనిట్లు. ఇంటి వాడకంతో కలిసి 200 దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే. బావి దగ్గర ఉచిత కరెంటు ఉంది కదా అని కొందరికి ఆలోచన వస్తుంది. వ్యవసాయ కనెక్షన్ కారుకు వాడటం నిబంధనలకు విరుద్ధం, పట్టుబడితే జరిమానా.

ఎండ సంగతి మనకు ఒకరు చెప్పనక్కర్లేదు, ఎండలకు పేరుపడ్డ రెంటచింతల పక్కనే ఉంది. బ్యాటరీకి లిక్విడ్ కూలింగ్ ఉందా అని కచ్చితంగా అడగండి. లేకపోతే మే నెలలో హైవే మీద నుంచి వచ్చి గన్ పెట్టగానే, వేడెక్కిన బ్యాటరీని కాపాడుకోవడానికి కారు చార్జింగ్ వేగాన్ని తగ్గించేస్తుంది. ఎల్ఎఫ్‌పీ రకం బ్యాటరీ బరువెక్కువైనా వేడికి బాగా తట్టుకుంటుంది. కొన్ని చిన్న కార్లకు డీసీ ఫాస్ట్ చార్జింగే ఉండదు. అవి సూర్యాపేట దాకా వెళ్లి రావడానికే.

స్టెప్నీ కొన్ని ఈవీల్లో ఉండదు, పంక్చర్ కిట్ చేతిలో పెడతారు. టైరు పక్క చీలితే ఆ కిట్ పనికిరాదు. మన్ననూరు దాటాక ఈ తేడా బాగా తెలుస్తుంది. బండి ఆగిపోతే తాడు కట్టి లాక్కుపోకూడదు, చక్రాలతో పాటు మోటారూ తిరుగుతుంది. నాలుగు చక్రాలూ పైకెక్కించే లారీయే రావాలి. వాగుల విషయంలో కూడా జాగ్రత్త. బ్యాటరీకి నీళ్లు చొరకుండా సీలు ఉంటుంది గానీ, వరదకు ఏ కారైనా ఒకటే. 2024 సెప్టెంబరు 1 నాటి వానకు కోదాడ దగ్గర హైవే మీదే రాకపోకలు ఆగిపోయాయి.

నా మటుకు నేను, ఏడాదికి నాలుగైదుసార్లు ఇలాంటి దారులు పట్టేవాళ్లకు 45 నుంచి 55 యూనిట్ల మధ్య, లిక్విడ్ కూలింగ్, స్టెప్నీ ఉన్న బండి చాలంటాను. ఏడాదికి ఒక్కసారే వెళ్లేవాళ్లు చిన్న ఈవీ కొనుక్కుని, ఆ ఒక్కసారికి డీజిల్ బండి కిరాయికి మాట్లాడుకుంటే లక్షలు మిగులుతాయి. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి ఈవీలకు ఇచ్చిన రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు గడువు 2026 డిసెంబరు 31. తొందర ఉంటే ఉండాల్సింది ఆ తేదీ గురించే.

టెస్ట్ డ్రైవ్‌కు షోరూం చుట్టూ ఒక రౌండు సరిపోదు. ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని, ఏసీ వేసి, ట్రిప్ మీటరు సున్నా చేసి, ఖమ్మం రోడ్డు మీద ముప్పై కిలోమీటర్లు వెళ్లి రండి. యూనిట్‌కు ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో డిస్‌ప్లే చెబుతుంది. ఆ అంకెను బ్యాటరీ సైజుతో గుణించి, అందులో ఆరో వంతు తీసేయండి.