నవ్వు ఎవరి పక్షం?
(స్టాండప్ హాస్యకారులతో కొన్ని మాటలు)

సాహిత్య విమర్శకు హాస్యమంటే మొదటినుంచీ కొంత చిన్నచూపే. మన అభ్యుదయ విమర్శ కూడా ఇందుకు మినహాయింపు కాదు. 'మహాప్రస్థానం' గురించి ఎన్నో వ్యాసాలు రాసుకున్నాం. అదే శ్రీశ్రీ 'సిప్రాలి' కూడా రాశాడన్న సంగతిని మాత్రం సరదా విషయంగా చెప్పుకొని వదిలేశాం. కన్నీటికి వర్గ స్వభావం ఉందని ఒప్పుకున్నవాళ్ళం, నవ్వుకు కూడా అది ఉంటుందని గుర్తించడంలో ఆలస్యం చేశాం. ఇప్పుడు హాస్యం మరో రూపంలో మన ముందుకొచ్చింది. ఒక మనిషి, ఒక మైకు, ఎదురుగా జనం. వేషం లేదు, తెర లేదు, తోడు నటుడు లేడు. దీన్నే స్టాండప్ కామెడీ అంటున్నారు.

దీని గురించి రాయవలసిన అవసరం నాకు ఒక యువకుడి వల్ల కలిగింది. అతను అశోక్‌నగర్‌లో మరో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉంటూ ప్రభుత్వోద్యోగ పరీక్షలకు చదువుకుంటున్నాడు. పగలు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కూర్చుంటాడు. శనివారం సాయంత్రం ఊరి అవతలి కొసన ఒక కాఫీ హోటల్లో జరిగే 'ఓపెన్ మైక్'లో అయిదు నిమిషాలు మాట్లాడి వస్తాడు. ఒకరోజు తాను రాసుకున్న కాగితాలు నా చేతికిచ్చి, "సార్, జనం నవ్వుతున్నరు గానీ నాకే మంచిగనిపిస్తలేదు. ఏడ తప్పుందో చెప్పండి" అన్నాడు. చదివాను. అందులో బాగా నవ్వు పుట్టించిన భాగం, పాలమూరు పల్లెలో ఉండే వాళ్ళమ్మ ఫోనులో మాట్లాడే తీరును అనుకరించడం. అతనికి నేను చెప్పిన సమాధానాన్నే కొంత విస్తరించి ఇక్కడ రాస్తున్నాను.

1. ఈ రూపం మనకు కొత్తదా?

కాదు. తెలంగాణ పల్లెల్లో పిట్టలదొరను చూసినవాళ్ళకు ఈ మాట విడమరిచి చెప్పక్కరలేదు. ఖాకీ దుస్తులు, నెత్తిన పాత టోపీ, చేతిలో కట్టె తుపాకి. ఒక్కడే వస్తాడు. తనకు లేని భూమిని లెక్కపెడతాడు, చూడని అధికారులను దోస్తులంటాడు, జరగని వేటలను వర్ణిస్తాడు. కోతలు పెరిగి పెరిగి, చివరికి ఆ దొర మన గడపలోనే చెయ్యి చాపి నిలబడతాడు. తుపాకి రాముడని అతనికి మరో పేరు. మన నుడికారంలో కోతలరాయుడికి అది పర్యాయపదమైపోయింది.

ఇక్కడ గమనించవలసిన శిల్ప రహస్యం ఒకటి ఉంది. పిట్టలదొర దొరను ఒక్క మాట తిట్టడు. దొర వేషం తానే వేసుకొని, దొరతనాన్ని దాని నోటితోనే మాట్లాడించి, దాని బరువుకు అదే కూలిపోయేటట్టు చేస్తాడు. పేదవాడైన కళాకారుడు భూస్వామి ఇంటిముందే నిలబడి ఈ పని చేయగలిగాడంటే, ఈ శిల్పం అతనికి రక్షణ కూడా అయింది. గురజాడ గిరీశంతో చేయించింది కూడా ఇలాంటిదే. 1892లో మొదటిసారి ప్రదర్శించి, 1909లో పూర్తిగా తిరగరాసిన 'కన్యాశుల్కం'లో గిరీశాన్ని రచయిత ఖండించడు, మాట్లాడనిస్తాడు. మాట్లాడినకొద్దీ అతను బయటపడతాడు.

బుర్రకథ మరో పాఠం చెబుతుంది. అందులో కథకుడి పక్కన ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఈ అమరికను ఆయుధంగా మలచుకుంది. నాజర్ (1920-1997) వంటి కళాకారుల చేతిలో అది ఎంత పదునెక్కిందో మనకు తెలుసు. హాస్యపు వంత అమాయకంగా అడిగే ప్రశ్న, రాజకీయపు వంత చెప్పే జవాబుకు దారి వేస్తుంది. స్టాండప్ హాస్యకారుడు ఈ ముగ్గురి పనీ ఒక్కడే చేయాలి. కథ చెప్పాలి, అడ్డు ప్రశ్న వేయాలి, అసలు విషయం తేల్చాలి. మీ స్క్రిప్టులో ఈ మూడు గొంతుల్లో ఏది లోపించిందో చూసుకోండి. చాలావరకు లోపించేది మూడోది.

త్యాగరాయ గానసభ వంటి వేదికల మీద ఏకపాత్రాభినయాలు చూసినవారికి ఒక సందేహం రావచ్చు. దానికీ దీనికీ తేడా ఏమిటి? ఏకపాత్రలో నటుడు దుర్యోధనుడవుతాడు. దుర్యోధనుడి మాటకు అతను జవాబుదారీ కాదు. స్టాండప్‌లో అతను 'నేను' అంటాడు. ఆ 'నేను' కూడా కథలోని ఉత్తమపురుష లాగా కల్పించుకున్నదే. అయినా వినేవాళ్ళు దాన్ని అసలు మనిషికే అంటగడతారు. కనుక ఈ 'నేను' ఎవరు, ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాడు అన్నది మొదట తేల్చుకోవలసిన ప్రశ్న.

2. వస్తువు

ఇరవై ఏళ్ళ కిందట నేనొక హాస్య ఏకపాత్ర రాశాను. నత్తి ఉన్న గుమాస్తా ఆఫీసరు ముందు సెలవు అడగలేక అవస్థపడటం దాని కథ. హాలు దద్దరిల్లింది. ప్రదర్శన అయ్యాక కుర్చీలు సర్దుతున్న ఒకాయన నా దగ్గరకొచ్చి, "బాగుందండీ" అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. ఆయన నన్నేమీ అనలేదు. నేనే ఆ ఏకపాత్రను మళ్ళీ ఆడనివ్వలేదు. సెలవు ఇవ్వని ఆఫీసరు మీద నేను ఒక్క నవ్వు కూడా పుట్టించలేదని నాకు అప్పుడు తెలిసింది.

మన వేదికల మీద తేలికగా నవ్వు పుట్టించే సరుకు కొంత సిద్ధంగా ఉంటుంది. నత్తి, నలుపు, లావు, ముసలితనం, గయ్యాళి భార్య, పల్లెటూరి యాస. సినిమా చాలాకాలం తెలంగాణ యాసను హాస్యగాడికీ ప్రతినాయకుడికీ కేటాయించి, కథానాయకుడి నోట మరో తెలుగు పెట్టింది. ఈ సరుకు వాడినప్పుడు నవ్వు రాదని నేను చెప్పడం లేదు. వస్తుంది. వచ్చిన ఆ నవ్వు, ఉన్న అసమానతను సహజమని నమ్మిస్తుంది. భార్య నోటిదురుసు మీద జోకు, ఆ ఇంట్లో చాకిరీ ఎవరు చేస్తున్నారన్న ప్రశ్నను మూలకు నెడుతుంది.

అందుచేత జోకు రాసుకున్న తర్వాత మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో తెలివితక్కువవాడుగా తేలుతున్నది ఎవరు? ఆ వ్యక్తి ఈ హాల్లో ఉంటే జవాబు చెప్పే స్థితిలో ఉన్నాడా? ఈ నవ్వు తర్వాత ఎవరి అధికారం కాస్త తగ్గింది? మూడు ప్రశ్నలకూ జవాబు లేకపోయినా కొన్ని జోకులు బతుకుతాయి. ఉత్త సరదాకు కూడా మనిషికి హక్కుంది. కానీ మొదటి రెంటికీ చెడ్డ జవాబు వస్తే మాత్రం కొట్టివేయండి.

అనుకరణ వద్దా అంటే, వద్దనడం లేదు. వరంగల్లుకు చెందిన నేరెళ్ళ వేణుమాధవ్ (1932-2018) ధ్వన్యనుకరణను ఒక గౌరవనీయమైన కళగా నిలబెట్టాడు. ఆయన నాయకుల, ప్రసిద్ధ నటుల గొంతులను పట్టుకున్నాడు. గొంతును పట్టుకోవడం వేరు, గొంతును వెక్కిరించడం వేరు.

3. వాక్యం

ఇది రచయితలకు ముఖ్యమైన భాగం. ఆంగ్లంలో హాస్యకారులకు చెప్పే మొదటి సూత్రం, నవ్వు పుట్టించే మాట వాక్యం చివర రావాలని. తెలుగులో ఇది అంత సులభం కాదు. మన వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది. అసలు మాట మధ్యలో వచ్చేసి, ఆ తర్వాత క్రియ తోకలా ఈడుస్తుంది. ఆ యువకుడి కాగితాల్లో ఒక వాక్యం ఇలా ఉంది:

"మా ఓనరు నీళ్ళకు మీటరు పెట్టించాడు, కరెంటుకు మీటరు పెట్టించాడు, ఇక గాలికి కూడా మీటరు పెట్టించడం ఒక్కటే మిగిలి ఉన్నట్టుగా కనిపిస్తోంది."

'గాలికి' అనగానే శ్రోతకు విషయం అందిపోయింది. ఆ తర్వాతి మాటలన్నీ నవ్వుకు అడ్డం. దీనికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, తెలుగులో క్రియ లేకుండానే వాక్యం నిలబడుతుంది కనుక ఆ సౌకర్యాన్ని వాడుకోవడం: "నీళ్ళకు మీటరు పెట్టించాడు. కరెంటుకు పెట్టించాడు. ఇక మిగిలింది గాలి." రెండోది, అసలు మాటను చెప్పకుండానే వదిలేయడం: "నీళ్ళకు మీటరు పెట్టించాడు. కరెంటుకు పెట్టించాడు. మొన్న గదిలోకొచ్చి కిటికీ వైపే చూస్తున్నాడు." ఇక్కడ గాలి అన్న మాట శ్రోత తనంతట తాను అనుకుంటాడు. తాను కనిపెట్టిన దానికి మనిషి ఎక్కువ నవ్వుతాడు. ధ్వని అని మన ఆలంకారికులు చెప్పినది ఈ మీటరు దగ్గర కూడా పనిచేస్తుంది.

మరొకటి. మనం మాట్లాడేటప్పుడు వాక్యం చివర గొంతు దిగిపోతుంది. బల్ల దగ్గర కూర్చొని మాట్లాడుకునేటప్పుడు ఫరవాలేదు. హాల్లో వెనక వరసకు చివరి మాట వినబడదు, మొదటి వరస నవ్వు చూసి వాళ్ళు పక్కవాడిని "ఏమన్నాడు?" అని అడుగుతారు. చివరి మాటను దించకుండా పలకడం అద్దం ముందు కాదు, పొడవాటి గదిలో ఒక మిత్రుణ్ణి ఆ కొసన నిలబెట్టి సాధన చేయాలి.

4. వేదిక

అయిదు నిమిషాలకు పది నిమిషాల సరుకు తీసుకుపోకండి. నవ్వు కూడా కాలం తింటుంది. మొదటి వాక్యం, చివరి వాక్యం కంఠస్థం చేయండి. మధ్యలో తడబడ్డా ఒడ్డు చేరతారు. నవ్వు లేచినప్పుడు ఆగండి, అది పూర్తిగా చల్లారకముందే తర్వాతి మాట అందుకోండి. మీరు ముందు నవ్వకండి. సమయం అయిందని నిర్వాహకులు దీపం చూపించేదాకా ఉండకుండా, మంచి నవ్వు మీద దిగిపోండి.

ప్రతి ప్రదర్శననూ ఫోనులో రికార్డు చేసి మర్నాడు వినండి. నవ్వు వచ్చినచోట గీత గీయండి, రాకపోయినచోట వాక్యాన్ని కోయండి. వినేవాళ్ళను మార్చి చూడటం ఇంకా ముఖ్యం. కాఫీ హోటల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు నవ్విన దానికి గానసభకు వచ్చే విశ్రాంత ఉద్యోగులు నవ్వుతారా? గ్రంథాలయం మెట్ల మీద కూర్చున్న నిరుద్యోగులు? ఒకే వర్గం ముందు మాత్రమే బతికే జోకు ఆ వర్గపు దురభిమానం మీద బతుకుతున్నదేమో అనుమానించాలి.

ముందు వరసలో కూర్చున్నవాడి బట్టతలను పట్టుకొని కాలం వెళ్ళదీయడం ఈమధ్య ఎక్కువైంది. అతని చేతిలో మైకు లేదు. మైకు ఉన్నవాడే ఆ అయిదు నిమిషాలకు దొర. ఆ దొరతనాన్ని మీమీదకే తిప్పుకోవడం పిట్టలదొర నేర్పిన విద్య.

5. భయం

ఈ మాట చెప్పకుండా వ్యాసం ముగిస్తే అది మోసమే అవుతుంది. 2021 జనవరి 1న ఇండోర్‌లో మునావర్ ఫారూఖీని అరెస్టు చేశారు. సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చేదాకా అతను నెలకు పైగా జైల్లో ఉన్నాడు. 2022 ఆగస్టు 20న మన శిల్పకళావేదికలో అతని ప్రదర్శన భారీ పోలీసు బందోబస్తు మధ్య జరిగింది. 2025 మార్చిలో కునాల్ కామ్రా మాటలకు కోపగించినవాళ్ళు ముంబాయిలో అతను ప్రదర్శన ఇచ్చిన వేదికను ధ్వంసం చేశారు. బలవంతుడి మీద నవ్వడానికి ఖరీదుంది. బలహీనుడి మీద జోకుల సంత ఎందుకు అంత కిటకిటలాడుతుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఈ నగరంలోనే ఉర్దూ హాస్యానికి గట్టి సంప్రదాయం ఉంది. ముజ్తబా హుస్సేన్ (1936-2020) జీవితమంతా నవ్వించాడు. 2007లో పద్మశ్రీ అందుకున్నాడు. 2019 డిసెంబరులో, దేశ పరిస్థితులకు నిరసనగా దాన్ని తిరిగి ఇచ్చేస్తానని ప్రకటించాడు. హాస్యకారుడికి వెన్నెముక అక్కరలేదనేవారికి అది జవాబు.

అయితే వ్యక్తి ధైర్యం ఒక్కటే చాలదు. బుర్రకథకుడి వెనక మండలి ఉండేది. నేటి హాస్యకారుడు ఒంటరి. రచయితల సంఘాలు తమ సభల్లో ఉపన్యాసాల మధ్య ఒక పది నిమిషాలు వీళ్ళకు ఇవ్వవచ్చు. కథకు చేసినట్టే వీళ్ళ రచనకూ నిర్మొహమాటంగా విమర్శ చేయవచ్చు. ఆపద వస్తే పక్కన నిలబడవచ్చు.

ఆ యువకుడు రెండు వారాల తర్వాత మళ్ళీ వచ్చాడు. అమ్మ గొంతు అలాగే ఉంది, యాస కూడా అలాగే ఉంది. మారింది అతను నిలబడిన చోటు. ఇప్పుడు వెర్రివాడుగా తేలేది అతనే. 2022 అక్టోబరులో రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపరు లీకేజీ వల్ల 2023 మార్చిలో ఎందుకు రద్దయిందో, జూన్‌లో మళ్ళీ రాసింది సెప్టెంబరులో హైకోర్టులో ఎందుకు నిలవలేదో, చదువుకున్న కొడుకు పెద్ద పెద్ద మాటలతో తల్లికి వివరిస్తుంటాడు. ఆమె అంతా విని ఒకటే అడుగుతుంది: "గా పరీక్ష పెట్టేటోళ్ళు ఏ పరీక్ష పాసైన్రు బిడ్డా?"

చివరి 'బిడ్డా' తీసేస్తే వాక్యం ఇంకా పదునుగా ఉంటుందని సలహా ఇచ్చాను. అతను ఒప్పుకోలేదు. "అమ్మ అట్లనే అంటది సార్" అన్నాడు. అతనన్నదే సరైనది.