బంగాళాఖాతం నీరు అడుగుకు ఎందుకు దిగదు?

గాజుగ్లాసులో సగంవరకు నీళ్లు పోసి, నాలుగు చెంచాల ఉప్పు కరిగించండి. వేరొక గ్లాసులో మంచినీళ్లు తీసుకొని రెండు చుక్కల సిరా కలపండి. ఈ సిరానీటిని చెంచా మీదుగా మెల్లగా ఉప్పునీటి పైకి జారవిడవండి. రంగునీరు పైనే నిలిచిపోతుంది. తొందరపడి గుమ్మరిస్తే రెండూ కలిసిపోతాయి. గవర్నర్‌పేటలో మా తరగతి పిల్లలలో సగంమందికి మొదటిసారి జరిగేది అదే!

ఉప్పు ఎక్కువైతే నీటి సాంద్రత పెరుగుతుంది. చల్లబడినా పెరుగుతుంది. మరి సముద్రంలో పైనీరు కిందినీటికంటే బరువెక్కితే? అడుగుకు దిగిపోతుంది.

ఫ్రాన్సుకు దక్షిణాన, మధ్యధరా సముద్రంలోని లయన్ సింధుశాఖలో ఇది నిజంగా జరుగుతుంది. శీతకాలంలో అక్కడ మిస్ట్రాల్ అనే పొడి చలిగాలి వీస్తుంది. నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగిలిపోతుంది. సుమారు 13 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబడిన పైనీరు కొన్ని సంవత్సరాలలో 2,000 మీటర్లకు పైగా దిగుతుంది. లోతున బతికే ప్రాణులకు ఆక్సిజన్ మోసుకుపోయేది ఈ నీరే. 1969లో శాస్త్రజ్ఞులు చలిగాలులకు ఓర్చి, ఓడల మీద వెళ్లి దీనిని కొలిచారు.

ఇప్పుడు ఉపగ్రహాలున్నాయి. అయితే ఉపగ్రహం సముద్రం లోపలికి చూడలేదు. పరారుణ కిరణాలతో అది కొలిచే ఉష్ణోగ్రత మిల్లీమీటరు మందమైనా లేని పైపొరది. కాబట్టి ఆనవాళ్లు వెతకాలి. నీరు దిగేచోట కంటికి కనిపించని నాచుమొక్కలు కూడా లోతుకు చెదిరిపోతాయి. చుట్టూ పచ్చదనం, నడుమ ముదురు నీలపు మచ్చ! పైగా బరువెక్కిన నీరు తక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుచేత అక్కడ సముద్రమట్టం కొన్ని సెంటీమీటర్లు కుంగుతుంది. రాడార్ తరంగాలు ఆ కొద్దిపాటి తేడానూ పట్టుకుంటాయి.

ఇక మన సముద్రానికి వద్దాం. జనవరిలో బంగాళాఖాతం ఉత్తరభాగం కూడా చల్లబడుతుంది. ఉష్ణోగ్రత పటం ఒక్కటే చూసి, ఇక్కడా నీరు దిగుతోందనుకుంటే తప్పులో కాలేసినట్లే. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చిపోసిన మంచినీరు మీ గ్లాసులోని సిరానీటిలా పైన పరుచుకొని ఉంటుంది. చల్లబడినా అది తేలికే. కింది ఉప్పునీరు దానికంటే వెచ్చగా ఉండి కూడా కిందనే ఉంటుంది. మొదటిసారి చదివినప్పుడు నేనూ నమ్మలేదు.

దీనివల్ల మనకేమిటంటారా? మామూలుగా తుఫానుగాలి సముద్రాన్ని చిలికి, అడుగునున్న చల్లని నీటిని పైకి తెస్తుంది. దానితో తుఫాను బలం తగ్గుతుంది. మంచినీటి మూత బిగిసి ఉన్నచోట ఈ చిలకడం సరిగా సాగదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన గురించి మీ ఇంట్లో పెద్దలను అడగండి. ఆనాటికి సముద్రపు ఉప్పదనాన్ని కొలిచే ఉపగ్రహం లేదు.

ఐరోపావారి స్మాస్ 2009లో, అమెరికావారి స్మాప్ 2015లో ఎగిరాయి. సముద్రం తనంతట తాను సూక్ష్మతరంగాలు వెదజల్లుతుంది. సుమారు 21 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద వాటి తీవ్రత నీటిలోని ఉప్పును బట్టి కొద్దిగా మారుతుంది. ఆ మార్పు నుంచే ఉప్పదనం లెక్కకడతారు. వానాకాలం వెళ్లాక మంచినీరు సన్నని పట్టీలా తీరం వెంబడి, మన హంసలదీవి ముందునుంచి దక్షిణానికి సాగడం ఈ పటాలలో కనిపిస్తుంది. ఒడ్డుకు మరీ దగ్గరైతే నేల వెదజల్లే తరంగాలు అడ్డువచ్చి లెక్క చెడుతుంది.

అందుకే లోపలినుంచి సాక్ష్యం కావాలి. ఆర్గో అనే తేలుడు పరికరాలు పది రోజులకొకసారి 2,000 మీటర్ల లోతునుంచి పైకి వస్తూ ఉష్ణోగ్రతను, ఉప్పును కొలిచి ఉపగ్రహానికి చెబుతాయి. మన దేశం వదిలిన ఆర్గోల లెక్కలు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థకు చేరతాయి.