పెన్నా నది భారీ వరదల అంచనా

పెన్నా నదికి భవిష్యత్తులో ఎంత పెద్ద వరద రాగలదో, అది ఎన్నేళ్ళకొకసారి రాగలదో ముందుగా లెక్కగట్టడాన్ని పెన్నా వరద అంచనా అంటారు. ఆనకట్టల అలుగుల పరిమాణం, వంతెనల ఎత్తు, నెల్లూరు నగరాన్ని కాపాడే పొర్లుకట్టల ఎత్తు ఈ అంచనాపైనే ఆధారపడి ఉంటాయి.

నది స్వభావం

పినాకిని అని కూడా పిలువబడే పెన్నా కర్ణాటకలోని నందికొండల ప్రాంతంలో పుట్టి, 597 కి.మీ. ప్రవహించి, నెల్లూరు జిల్లాలోని ఊటుకూరు వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. దీని పరీవాహక ప్రాంతం 55,213 చ.కి.మీ. ఇందులో అధికభాగం వానలు తక్కువగా కురిసే రాయలసీమ. ఏడాదిలో చాలా నెలలు ఇసుక మేటలే కనిపించే ఈ నది విషయంలో సగటు ప్రవాహాన్ని నమ్ముకుంటే మోసపోక తప్పదు.

పెన్నాకు పెద్ద వరదలు ప్రధానంగా అక్టోబరు-డిసెంబరు మధ్య, ఈశాన్య ఋతుపవనాల కాలంలో, బంగాళాఖాతపు వాయుగుండాల వలన వస్తాయి. అనంతపురం వైపు నుండి వచ్చే నీరు దూరప్రయాణం చేసి, దారిలోని జలాశయాలలో కొంత ఆగుతుంది. శేషాచలం, పాలకొండల వాలులలో కురిసిన నీరు మాత్రం చెయ్యేరు ద్వారా చాలా త్వరగా సోమశిల జలాశయానికి చేరుతుంది. కనుక పరీవాహకం మొత్తంమీద ఎంత వాన పడిందన్నదాని కంటే ఏ భాగంలో పడిందన్నది ముఖ్యం.

అంచనా పద్ధతులు

మొదటిది 1884 నాటి రైవ్స్ సూత్రం. దక్షిణ భారత నదులకు దీనిని విరివిగా వాడారు. చ.కి.మీ.లలో ఉన్న వైశాల్యానికి ఘనమూలం కట్టి, దానిని వర్గం చేసి, ఒక గుణకంతో హెచ్చిస్తే గరిష్ఠ ప్రవాహం సెకనుకు ఘనపు మీటర్లలో వస్తుంది. పెన్నాకు ఘనమూలం సుమారు 38, దాని వర్గం సుమారు 1,450. తీరానికి 80 కి.మీ. లోపు ప్రాంతాలకు చెప్పిన గుణకం 6.8 తీసుకుంటే సుమారు 3.5 లక్షల క్యూసెక్కులు వస్తుంది. కొండల దగ్గరి ప్రాంతాలకు చెప్పిన 10.2 తీసుకుంటే 5.2 లక్షలు దాటుతుంది. ఒకే నదికి ఇంత తేడా! ఈ సూత్రానికి వైశాల్యమే తప్ప వాన సంగతి తెలియదు. అందువలన దీనిని సరిచూసుకోవడానికి మాత్రమే వాడడం మంచిది.

రెండవది గణాంక పద్ధతి. చెన్నూరు, నెల్లూరు వంటి కేంద్ర జలసంఘం కేంద్రాలలో ఏటేటా నమోదైన అత్యధిక ప్రవాహాలను వరుసగా పేర్చి, గంబెల్ సూత్రం వంటి వాటితో 50 ఏళ్ళ, 100 ఏళ్ళ వరదలను లెక్కిస్తారు. నూరేళ్ళ వరద అంటే నూరేళ్ళకు ఒక్కసారే వచ్చేది అని అర్థం కాదు. ఏ సంవత్సరంలోనైనా అది వచ్చే అవకాశం నూటికి 1 వంతు. 30 ఏళ్ళలో ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి 26 వంతులు, 50 ఏళ్ళలో దాదాపు 40 వంతులు. నిన్న వచ్చిపోయినంత మాత్రాన మరుసటి ఏడు రాదని ధీమా లేదు. పెన్నాకు ఈ పద్ధతిలో మరొక చిక్కు ఉంది. కరవు సంవత్సరాల చిన్న ప్రవాహాలు, వాయుగుండాల వరదలు ఒకే పట్టికలో కలిసిపోతాయి. పైగా సోమశిల వంటి జలాశయాలు కట్టిన తరువాతి అంకెలు సహజ ప్రవాహాన్ని చూపవు.

మూడవ పద్ధతిలో ఆ ప్రాంతపు వాతావరణంలో సాధ్యమైన అత్యధిక వర్షాన్ని ఊహించి, దాని నుండి గరిష్ఠ సంభావ్య వరదను కడతారు. 1985 నాటి భారతీయ ప్రమాణం (ఐ.ఎస్. 11223) ప్రకారం 6 కోట్ల ఘనపు మీటర్లకు మించి నిలవచేసే ఆనకట్టల అలుగు ఈ వరదకు సరిపోవాలి.

అంకెలు నమోదుకాని పూర్వకాలపు వరదలను, నదీలోయల రాతిగోడల పగుళ్ళలో పేరుకున్న ఒండ్రుపొరల ద్వారా గుర్తించే విధానం కూడా ఉంది. మధ్యభారతంలో నర్మదా లోయలో ఇటువంటి అధ్యయనాలు జరిగాయి.

2021 నవంబరు వరద

2021 నవంబరు 19న పుదుచ్చేరి, చెన్నైల మధ్య తీరం దాటిన వాయుగుండం తుఫానుగా కూడా బలపడలేదు. అయినా చెయ్యేటికి మహా వరద వచ్చి, రాజంపేట సమీపంలోని అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయింది. దాని అలుగు సామర్థ్యం సుమారు 2.17 లక్షల క్యూసెక్కులు కాగా, వచ్చిన నీరు 3 లక్షలు దాటిందని ప్రభుత్వం ప్రకటించింది. ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదు. ప్రాజెక్టు నిలవ సుమారు 2.2 టి.ఎం.సి.లు, అనగా 6.2 కోట్ల ఘనపు మీటర్లు. పైన చెప్పిన ప్రమాణం హద్దును ఇది కొద్దిగా మించుతుంది. పులపుత్తూరు, మందపల్లి, తొగూరుపేట గ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి.

ఆ నీరు చేరేసరికి 78 టి.ఎం.సి.ల సోమశిల అప్పటికే దాదాపు నిండి ఉంది. అక్కడికి 5 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చిన వరదను దిగువకు వదలవలసి వచ్చింది. నెల్లూరులో పొర్లుకట్ట, వెంకటేశ్వరపురం, భగత్‌సింగ్ కాలనీ ప్రాంతాలు మునిగాయి. పడుగుపాడు వద్ద జాతీయ రహదారి, రైలుమార్గం కోతకు గురయ్యాయి.

దిగువన మిగిలిన సమస్యలు

నవంబరులో సోమశిలను నింపి ఉంచాలా, వరదకు కొంత ఖాళీ వదలాలా అన్నది సులభంగా తేలేది కాదు. నెల్లూరు డెల్టా రబీ వరి ఆ నిలవపైనే ఆధారపడి ఉంది. నదీముఖం వద్ద మరొక విషయాన్ని లెక్కలోకి తీసుకోవాలి. తుఫాను ఉప్పెన సమయంలో సముద్రమట్టం లేచి నది నీటిని వెనక్కి నెడుతుంది. అప్పుడు తక్కువ వరదకే ఎక్కువ నేల మునుగుతుంది. 2021 డిసెంబరులో వచ్చిన ఆనకట్టల భద్రతా చట్టం పెద్ద ఆనకట్టలకు నిర్ణీత కాలంలో సమగ్ర భద్రతా పరిశీలనను, అత్యవసర కార్యాచరణ ప్రణాళికను తప్పనిసరి చేసింది. సంగం, నెల్లూరు వద్ద పాత ఆనకట్టల స్థానంలో కట్టిన బ్యారేజీలు 2022 సెప్టెంబరులో ప్రారంభమయ్యాయి.