స్థలం కొంటున్నారా? బయానాకు ముందే కాగితాలు చూడండి

మిర్చి అమ్మిన డబ్బు చేతికొచ్చిందో లేదో, మధ్యవర్తి గుమ్మంలో ఉంటాడు. "రోడ్డు పక్క బిట్టు, రేపటికి ఉండదు, ఇవాళే బయానా ఇచ్చెయ్యి" అంటాడు. మొదటిసారి స్థలం మీద డబ్బు పెట్టే రైతు చాలాసార్లు ఆ తొందరలోనే ఇరుక్కుంటాడు. పైకం చేయి దాటాక లొసుగు కనిపించినా వెనక్కి రాబట్టడం కష్టం. పెట్టేది ఏడాది కష్టం, కొనేది పిల్ల పెళ్లికి అక్కరకొస్తుందని. రెండు వారాలు ఆగండి.

ముందు సర్వే నంబరు అడగండి. చెప్పడానికి నసిగేవాడి దగ్గర కొనొద్దు. ఆ నంబరుతో కనీసం ముప్పై ఏళ్లకు ఈసీ తీయించండి. ఎవరు ఎవరికి అమ్మారో, ఎప్పుడు తనఖా రిజిస్టరు చేశారో అందులో ఉంటుంది. ఆ వరుసకు సరిపడే పాత దస్తావేజులు, అంటే లింకు డాక్యుమెంట్లు, అమ్మేవారు చూపాలి. అయితే ఈసీలోకి వచ్చేవి రిజిస్టరైన లావాదేవీలే. తెల్లకాగితం ఒప్పందాలు, అన్నదమ్ముల మధ్య తేలని వాటాలు అందులో కనపడవు. కనుక పొలం దగ్గరికెళ్లి పక్క గట్టు రైతును పలకరించండి. "దీని మీద తగాదా ఏమైనా ఉందా బాబాయ్?" అని అడిగితే చాలా సంగతులు బయటికొస్తాయి.

నిషేధిత భూముల జాబితా (22-ఎ) కూడా చూడాలి. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూములు అందులో ఉంటాయి. అసైన్డ్ భూముల బదలాయింపును ఉమ్మడి రాష్ట్రంలో 1977 చట్టం నిషేధించింది. తర్వాత కొన్ని సడలింపులు వచ్చాయి. మీరు చూసిన భూమికి ఏది వర్తిస్తుందో తహసీల్దారు కార్యాలయంలో తెలుసుకోనిదే ముందుకెళ్లొద్దు.

ఇళ్ల ప్లాటయితే లేఅవుటుకు డీటీసీపీ గానీ, పట్టణాభివృద్ధి సంస్థ గానీ ఇచ్చిన అనుమతి ఉండాలి. పంచాయతీ ముద్ర ఒక్కటే ఉంటే చాలదు. 500 చదరపు మీటర్లు మించిన వెంచరుకు రెరా నంబరు అడగండి. టేపు కూడా పట్టించండి. సెంటుకు 48.4, గుంటకు 121 చదరపు గజాలు. ఐదు సెంట్లన్న ప్లాటు 242 గజాలుండాలి. రెండొందలే తేలితే మిగతాది రోడ్డులో కలిపి మీకు లెక్క కట్టారేమో నిలదీయండి.

జీపీఏ రాసిస్తాం, రిజిస్ట్రేషన్ ఎందుకు అనేవాళ్లున్నారు. జీపీఏ అమ్మకంతో యాజమాన్యం రాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ మాటే వినకండి.

ఇవన్నీ సరిపోయాకే బయానా. అదీ చెక్కు ద్వారానో, బ్యాంకు ఖాతాకో ఇవ్వండి. స్థలం బయానాగా 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తప్పు. కాగితాల్లో లోపం తేలితే ఎన్ని రోజుల్లో బయానా తిరిగిస్తారో ఒప్పందంలో రాయించండి. సంతకానికి ముందు ఆ ముసాయిదాను మీకు తెలిసిన వకీలుకు చూపించండి. అమ్మేవాళ్ల వకీలు చూశాడు కదా అని ఊరుకోవద్దు.