సరస్సు ఒడ్డున నివాసం: గృహస్థులు తెలుసుకోవలసిన శాస్త్ర విషయాలు

ఉద్యోగరీత్యా ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి మకాం మార్చడం అమెరికాలోని తెలుగు కుటుంబాలకు క్రొత్త విషయం కాదు. డెట్రాయిట్‌లో స్థిరపడ్డామనుకున్నవారు డాలస్‌కు, న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కున్నవారు సియాటిల్‌కు తరలవలసి రావడం తరచుగా జరుగుతూనే ఉన్నది. అటువంటప్పుడు పిల్లల పాఠశాల, ఆఫీసుకు దూరం, గుడికి దూరం, చుట్టుప్రక్కల మనవాళ్ళు ఎంతమంది ఉన్నారన్నది విచారించి ఇల్లు వెతుక్కోవడం పరిపాటి. ఈ వెతుకులాటలో సరస్సు ఒడ్డున వెలసిన కాలనీ ఏదైనా కంటబడితే మనసు అక్కడే ఆగిపోతుంది. కృష్ణా గోదావరి కాలువల ప్రక్కన, ఊరి చెరువు గట్టున పెరిగిన మనకు నీటిపై మమకారం సహజమే.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. సరస్సు ఒడ్డున ఇల్లు కొనడమంటే గోడలను, కప్పును మాత్రమే కాక ఒక సజీవమైన జలవ్యవస్థను కూడా కుటుంబంలోకి ఆహ్వానించడమన్నమాట. ఇంటి పునాదిని పరీక్షించడానికి ఇన్‌స్పెక్టరును పిలిచే మనం సరస్సును మాత్రం ఒక ఆదివారం సాయంత్రం చూచి తృప్తిపడుతూ ఉంటాము. సరస్సుల శాస్త్రాన్ని లిమ్నాలజీ అంటారు. ఆ శాస్త్రం చెప్పే విషయాలలో ఒక గృహస్థునికి పనికివచ్చే వాటిని ఇక్కడ సంగ్రహంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సరస్సు ఎలా పుట్టినది?

మొట్టమొదట అడగవలసిన ప్రశ్న ఇది. మిషిగన్, మిన్నెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాలలోని సరస్సులలో అధికభాగం హిమయుగం చివర హిమానీనదాలు వెనుదిరిగినపుడు ఏర్పడిన సహజ సరస్సులు. జార్జియా, టెక్సస్, ఉత్తర కరొలీనా రాష్ట్రాలలోని పెద్ద సరస్సులు దాదాపుగా అన్నీ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టగా ఏర్పడిన జలాశయాలు. చూడడానికి రెండూ ఒకటిగానే ఉంటాయి కాని వాటి స్వభావాలు వేరు.

అట్లాంటాకు ఉత్తరాన ఉన్న లేక్ లేనియర్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చును. చట్టహూచీ నదిపై 1950లలో నిర్మించిన బ్యూఫర్డ్ ఆనకట్ట వల్ల ఇది ఏర్పడింది. దీని పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 1,071 అడుగులు. తీవ్రమైన అనావృష్టి వచ్చిన 2007 డిసెంబరులో నీరు 1,051 అడుగులకన్న దిగువకు పడిపోయింది. ఇరవై అడుగుల లోతు నీరు తగ్గినప్పుడు పెరటి రేవులో తేలే పడవ ఎర్రమట్టిపై కూర్చుండిపోతుంది. పైగా ఈ సరస్సు గట్టు సైనిక ఇంజనీర్ల శాఖ అధీనంలోనిది. ఇల్లు మనదైనా, నీటి అంచున చిన్న రేవు కట్టుకోవాలన్నా వారి అనుమతి కావాలి.

ఇక ఆనకట్టే తెగిపోతే? మిషిగన్ రాష్ట్రంలోని మిడ్‌లాండ్ పట్టణానికి ఎగువన, 1920లలో కట్టిన ఈడెన్‌విల్ ఆనకట్ట వెనుక విక్సమ్ అనే సరస్సు ఉండేది. దాని చుట్టూ తరతరాలుగా జనం ఇళ్ళు కట్టుకున్నారు. భారీవరదను దాటించగల అలుగు దానికి లేదన్న కారణంగా కేంద్ర ప్రభుత్వ నియంత్రణ సంస్థ 2018లో దాని విద్యుదుత్పత్తి లైసెన్సును రద్దు చేసింది. 2020 మే 19న, పెద్ద వర్షాల తరువాత, మట్టికట్ట ఒకచోట జారి తెగిపోయింది. ఆ నీటి తాకిడికి దిగువనున్న శాన్‌ఫర్డ్ ఆనకట్ట కూడా నిలువలేదు. సుమారు పదివేలమంది ఇళ్ళు వదలి వెళ్ళవలసి వచ్చింది. దిగువవారి ఇళ్ళు మునిగాయి. ఎగువవారికి తెల్లవారేసరికి సరస్సే లేదు, బురదనేల మాత్రం మిగిలింది.

మన రైతు ఏ చెరువు క్రింద పొలం కొనబోయినా ముందుగా కట్ట బలాన్ని, అలుగు పొడవును, పూడిక ఎంత చేరినదన్న సంగతిని విచారిస్తాడు. అమెరికాలో కూడా అడగవలసిన ప్రశ్నలు ఇవే. ఆనకట్ట ఎవరిది? దాని తనిఖీ నివేదిక ఏమి చెప్పుతున్నది? మరమ్మత్తుకు, పూడికతీతకు అయ్యే ఖర్చు ఎవరు భరిస్తారు? సరస్సు కాలనీ సంఘానిదే అయితే ఆ ఖర్చు నేడో రేపో మన వాకిటికే వస్తుంది.

నీటిలోని పొరలు

పైనుండి చూచినపుడు సరస్సు అంతా ఒకటే నీరు. కాని లోతైన సరస్సు వేసవిలో రెండు అంతస్తుల మేడ వంటిది. ఎండకు వేడెక్కిన నీరు తేలికై పైన నిలుస్తుంది. చల్లని బరువైన నీరు అడుగున ఉంటుంది. రెండింటి నడుమ ఉష్ణోగ్రత హఠాత్తుగా పడిపోయే పలుచని పొరను థర్మోక్లైన్ అంటారు. ఈ పొర ఉన్నంతకాలం పై నీరు, క్రింది నీరు కలియవు. పైనుండి రాలిన నాచు, ఆకులు అడుగున కుళ్ళుతూ అక్కడి ప్రాణవాయువును హరిస్తాయి. ప్రాణవాయువు తరిగినకొద్దీ అడుగుమట్టిలో బంధింపబడిన భాస్వరం విడివడి నీటిలో కలుస్తుంది. శరత్కాలంలో పై నీరు చల్లబడి క్రిందికి దిగగా సరస్సు అంతా ఒకసారి తిరగబడుతుంది. అప్పుడు కొన్ని రోజులపాటు నీటికి దుర్వాసన వచ్చినా ఆశ్చర్యపడనవసరం లేదు.

నీరు 4 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద అత్యధిక సాంద్రత కలిగి ఉంటుంది. అంతకన్న చల్లబడిన నీరు తేలికై పైకి వస్తుంది కనుకనే మంచు పైన కడుతుంది, దాని క్రింద చేపలు శీతకాలమంతా బ్రతుకుతాయి.

లోతు ఎంతటి భేదం కలిగిస్తుందో మహాసరస్సులను చూస్తే తెలుస్తుంది. సుపీరియర్ సరస్సు సగటు లోతు 483 అడుగులు. ఈరీ సరస్సుది 62 అడుగులు మాత్రమే. సుపీరియర్‌లోని నీరు పూర్తిగా మారడానికి సుమారు 191 సంవత్సరాలు పడితే, ఈరీకి రెండున్నర సంవత్సరాలు చాలు. తక్కువ లోతు, త్వరగా వేడెక్కే నీరు, చుట్టూ ఎరువులు వేసే పొలాలు ఉండడం చేత నాచు సమస్య ఈరీ పశ్చిమభాగాన్ని అధికంగా బాధిస్తున్నది.

ఆకుపచ్చ నీరు, తాగునీరు

సరస్సును పచ్చగా మార్చే ప్రధాన దోషి ఎవరన్న వివాదాన్ని డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రజ్ఞుడు కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఒక సులభమైన ప్రయోగంతో తేల్చివేశాడు. 1973లో 226వ నంబరు సరస్సును ప్లాస్టిక్ తెరతో రెండు భాగాలు చేసి, రెండింటిలోను కర్బనం, నత్రజని కలిపారు. ఒకదానిలో మాత్రం అదనంగా భాస్వరం కలిపారు. భాస్వరం పడిన సగం చిక్కని ఆకుపచ్చ రంగుకు మారింది. రెండవ సగం తేటగానే ఉండిపోయింది. విమానం నుండి తీసిన ఆ ఛాయాచిత్రం డిటర్జెంటులలో భాస్వరాన్ని తగ్గించే చట్టాలకు బలమైన సాక్ష్యమైనది.

ఈ నాచు చూపుకు అసహ్యంగా ఉండడంతో సరిపోదు. దీనిలోని సయనోబాక్టీరియా జాతులు కొన్ని కాలేయానికి హాని చేసే మైక్రోసిస్టిన్ అనే విషాన్ని తయారు చేస్తాయి. 2014 ఆగస్టు మొదటి వారంలో ఈరీ సరస్సు నుండి నీరు తీసుకునే టొలీడో నగరంలో ఈ విషం కుళాయి నీటిలో కనిపించింది. దాదాపు ఐదు లక్షలమందికి రెండు మూడు రోజులపాటు ఆ నీరు తాగవద్దని ఆజ్ఞలు జారీ అయినాయి. మరగించి తాగుదామన్న మన అలవాటు ఇక్కడ పనికిరాదు. మరిగిస్తే విషం పోదు, నీరు ఆవిరైనకొద్దీ దాని గాఢత పెరుగుతుంది. వేసవిలో నీటిపై ఆకుపచ్చ రంగు చిలికినట్లు తెట్టు కనిపిస్తే పిల్లలను గాని, కుక్కను గాని అందులో దిగనీయరాదు.

ఇది బాగుపడని జబ్బు కాదనడానికి సియాటిల్ ప్రక్కనున్న లేక్ వాషింగ్టన్ నిదర్శనం. బెల్‌వ్యూ, కర్క్‌లాండ్ ప్రాంతాలలోని తెలుగు కుటుంబాలకు అది చిరపరిచితమే. రెండవ ప్రపంచయుద్ధం తరువాత చుట్టుప్రక్కల ఊళ్ళ మురుగునీరు శుద్ధి అయిన తరువాత కూడా ఆ సరస్సులోనికే చేరేది. ఆ నీటిలోని భాస్వరం వల్ల రాబోయే ముప్పును డబ్ల్యు. టి. ఎడ్మండ్సన్ అనే విశ్వవిద్యాలయ ఆచార్యుడు 1950లలోనే హెచ్చరించాడు. 1958లో ప్రజలు ఓటు వేసి, పన్ను భారానికి అంగీకరించి, ఉమ్మడి సంస్థను ఏర్పరచుకొన్నారు. 1963 నుండి 1968 వరకు మురుగునీటిని క్రమంగా ప్రక్కకు మళ్ళించారు. 1964లో మూడడుగుల లోతు కూడా కనబడని నీరు 1970ల మధ్యకాలానికి ఇరవై అడుగులకు పైగా తేటపడింది.

నీటి తేటదనాన్ని కొలిచే పద్ధతి 1865లో ఆంజెలో సెక్కి అనే ఇటలీ మతాచార్యుడు ప్రవేశపెట్టినది. నలుపు తెలుపు రంగులు వేసిన పళ్ళెం వంటి బిళ్ళను త్రాటికి కట్టి నీటిలో దింపి, అది కనుమరుగయ్యే లోతును గుర్తిస్తారు. చాలా రాష్ట్రాలలో ఒక్కొక్క సరస్సుకు ఏళ్ళ తరబడి తీసిన ఈ కొలతలు ప్రజలకు అందుబాటులో ఉన్నాయి. ఇల్లు కొనబోయేవారు పదేళ్ళ కొలతలు చూచి, సంఖ్య పెరుగుతున్నదా తరుగుతున్నదా అని గమనిస్తే అమ్మేవారి మాటకన్న ఎక్కువ సంగతి తెలుస్తుంది.

ఊరి కుళాయి లేని కాలనీలలో బావి నీరు, సెప్టిక్ ట్యాంకు ఉంటాయి. బావి నీటిలో సూక్ష్మజీవులకు, నైట్రేటుకు ఏటా పరీక్ష చేయించాలి. నైట్రేటు లీటరుకు 10 మిల్లీగ్రాములు మించితే ఆ నీటితో కలిపిన పాలు పసిబిడ్డ రక్తంలో ప్రాణవాయువు ప్రసారానికి అడ్డుపడతాయి. ట్యాంకును మూడు నుండి ఐదేళ్ళకొకసారి ఖాళీ చేయించాలి. ఒలికిన మురుగు చేరేది సరస్సుకే.

వరద, మంచు

హైదరాబాదులో చెరువుల శిఖం భూములలో వెలసిన కాలనీలు 2020 అక్టోబరు వర్షాలకు ఎలా మునిగాయో మనవారికి గుర్తుండే ఉంటుంది. నీరు పల్లమెరుగును, తన పాత చోటును కూడా ఎరుగును. అమెరికాలో ఫీమా వరద పటాలలో నూటికి ఒక వంతు ప్రమాదం అని చూపిన చోటును చాలామంది తేలికగా తీసుకుంటారు. అది ఒక్క ఏటి లెక్క. ముప్పై సంవత్సరాల అప్పు తీరేలోగా ఒక్కసారైనా వరద వచ్చే అవకాశం లెక్కగడితే నూటికి 26 వంతులవుతుంది. మామూలు ఇంటి బీమా వరద నష్టాన్ని చెల్లించదు. వరద బీమా వేరుగా తీసుకోవాలి, సాధారణంగా అది అమలులోకి రావడానికి ముప్పై రోజులు పడుతుంది.

సహజ సరస్సుల మట్టం కూడా స్థిరం కాదు. మిషిగన్ సరస్సు 2013 జనవరిలో రికార్డు కనిష్ఠానికి దిగి, 2020 నాటికి సుమారు ఆరడుగులు పెరిగి ఎన్నో ఇళ్ళ ముందరి గట్లను కోసివేసింది. సరస్సు గాలివాలున మంచు కూడా అధికమే. 2014 నవంబరులో బఫలో దక్షిణ శివార్లలో ఐదడుగులకు పైగా మంచు పడగా, కొద్దిమైళ్ళ ఉత్తరాన కొన్ని అంగుళాలే పడింది.

పిల్లల భద్రత

అమెరికాలో 1 నుండి 4 సంవత్సరాల పిల్లల మరణాలకు ప్రథమ కారణం నీట మునగడమే. సినిమాలలో వలె కేకలు, చేతులు కొట్టుకోవడం ఉండవు. బిడ్డ నిశ్శబ్దంగా, క్షణాలలో మునిగిపోతుంది. కాబట్టి ఇల్లు మారిన మొదటి వారంలో చేయవలసిన పనులలో ఈత తరగతులలో పేరు నమోదు చేయించడం, సరస్సు వైపు కంచె, గడియ గల తలుపు ఏర్పాటు చేయడం ముఖ్యమైనవి. ఈత రాని తల్లిదండ్రులు కూడా పిల్లలతోపాటు నేర్చుకోవడం శ్రేయస్కరం.

ఇండియా నుండి వచ్చిన అమ్మమ్మకు, తాతయ్యకు గడ్డకట్టిన సరస్సు చదునైన మైదానం వలె కనిపిస్తుంది. మనిషి నడవడానికి కనీసం నాలుగు అంగుళాల తేట మంచు కావాలని, వాగు కలిసేచోట, ఊటలున్నచోట అది పలుచగా ఉంటుందని మనవలను అప్పగించే ముందే వారికి చెప్పాలి.

నిర్ణయానికి ముందు

ఒకసారి ఆగస్టు చివర, మరొకసారి మంచు కరిగే కాలంలో సరస్సును చూడండి. అంత వ్యవధి లేకపోతే పాతికేళ్ళుగా అక్కడే ఉన్న ఇరుగుపొరుగును అడగండి. వారికన్న మంచి నివేదిక లేదు. ఆనకట్ట, తేటదనపు కొలతలు, వరద పటం, బావి, సెప్టిక్, కాలనీ సంఘం ఖాతాలు, ఈ ఆరింటినీ సంతకానికి ముందే పరిశీలించండి. ఒక్క పౌను భాస్వరం సుమారు 500 పౌనుల నాచును పెంచగలదని అంచనా. కనుక కాపురం పెట్టిన తరువాత పచ్చికకు భాస్వరం లేని ఎరువే వాడండి. మిన్నెసోటా ఈ విషయమై 2005 నుండి రాష్ట్రమంతటా నిబంధన విధించింది. వినాయక చవితినాడు రంగులు పూసిన విగ్రహాన్ని సరస్సులో వదలక, మట్టి ప్రతిమను పెరటి తొట్టెలో నిమజ్జనం చేసి ఆ మట్టిని పూలమొక్కలకు వేయండి.

ఇంత విచారించిన మీదట నచ్చిన చోటు దొరికితే సందేహించనక్కరలేదు. ప్రొద్దున్నే కాఫీ గ్లాసుతో నీటి అంచున నిలబడి, వలస పక్షులను పిల్లలకు చూపించగల ఇల్లు నిజంగా కోరదగినదే.